కాకిలెక్కల కరదీపిక

ఊళ్లో కాకులెన్ని ఉన్నాయని పాదుషా అడిగాడు. బీర్బల్ తడుముకోకుండా ఒక అంకె చెప్పాడు. లెక్కపెట్టిస్తే తక్కువ తేలాయనుకో? కొన్ని చుట్టాలింటికి వెళ్లాయి హుజూర్. ఎక్కువ తేలితే? చుట్టాలే ఇక్కడికొచ్చారు. ఈ కథ విని మనవాళ్లు నవ్వుకుని వదిలేశారు గాని, అందులో ఆద్యంతాలున్న సర్వే పద్ధతి ఒకటుందని ఎవరూ గమనించలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ కరదీపిక.

కాక్స్ బజార్‌లో రోహింగ్యా శరణార్థుల ఆరోగ్యం మీద సర్వే పని మీకు తగిలిందనుకుందాం. 2017 ఆగస్టు 25 తరవాత కొద్ది నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా మయన్మార్‌లోని రఖైన్ నుంచి బంగ్లాదేశ్ చేరారు. అంతకుముందే వచ్చి ఉంటున్నవాళ్లని కలుపుకుంటే పది లక్షల లెక్క. ఏనుగులు తిరిగే అడవి కొట్టేసి, మట్టిగుట్టల మీద వెదురుబద్దలూ టార్పాలిన్లతో గుడిసెలు వేశారు. గట్టి వానొస్తే గుట్ట జారుతుంది. మీరు దిగిన హోటలు గదిలోంచి సముద్రం కనబడుతుంది. శిబిరానికి జీపులో వెళ్లిరావాలి. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ చివరి రెండు వాక్యాలే.

లక్ష్యం ఒక్కటే. నెలాఖరుకి రిపోర్టు వెళ్లాలి, బూట్లకి మట్టి అంటకూడదు.

1. ఇంట్లోంచి కదలకుండా పని అవుతుందేమో ముందు చూడండి.

శరణార్థుల మొహం చూడకుండా శరణార్థుల ఆరోగ్యం మీద రాయడమంత హాయి ఇంకోటి లేదు. ప్రభుత్వాలు చేయించిన పెద్ద సర్వేల ఫైళ్లు అడిగితే ఊరికే ఇస్తారు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతే తీసుకోండి. 2019–21లో 707 జిల్లాలు, 6,36,699 కుటుంబాలు. ఇంత పెద్ద అంకె మొదటి స్లైడులో వేస్తే రెండో స్లైడు ఎవరూ చూడరు. అందులో మతం అడిగారు, కులం అడిగారు, మంచం ఉందా, ప్రెషర్ కుక్కర్ ఉందా అని కూడా అడిగారు. శరణార్థివా అని మాత్రం అడగలేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టనేలేదు కదా, అడిగితే మాత్రం ఏ గడిలో రాస్తారు? హైదరాబాద్ శివార్లలో, బాలాపూర్ గుడిసెల్లో కొన్ని వేలమంది రోహింగ్యాలు చెత్త ఏరుకుంటూ, కూలికెళ్తూ బతుకుతున్నారు. వాళ్ల గుడిసె శాంపిల్లో పడినా ఫైలులో తెలంగాణ పట్టణ పేదల్లో కలిసిపోవాల్సిందే.

అందుకని మీరు ఫైలు తెరిచి 'శరణార్థి' అనే గడి వెతకండి. దొరకదు. 'జాతీయ గణాంకాల్లో శరణార్థులకు సంబంధించి ప్రత్యేక ఆరోగ్య సమస్యలేవీ కనబడలేదు' అని రాసి సంతకం పెట్టండి. ప్రతి అక్షరమూ నిజమే.

జోర్డాన్ వాళ్లకి పని లేక 2017–18 సర్వేలో జాతీయత అడిగి, సిరియన్ల అంకెలు వేరే వరసలో అచ్చువేశారు. ఆ జోలికి పోకండి. చూస్తే చదవాలనిపిస్తుంది, చదివితే మళ్లీ రాయాల్సొస్తుంది. ఎందుకు చూడలేదని ఎవరైనా నిలదీస్తే, 'ఇలాంటి సర్వేలని నడిపే అమెరికా కార్యక్రమానికి 2025 ఫిబ్రవరిలో డబ్బు ఆగిపోయిందండీ, ఏం చేస్తాం' అని నిట్టూర్చండి. ఆగిన మాట నిజం. మీరు ఫైలు అడగనేలేదన్న సంగతి నిట్టూర్పులో వినబడదు.

2. బరువు మోయకండి.

ఈ ఫైళ్లలో వి005 అని ఒక గడి ఉంటుంది. అందులోని అంకెని పది లక్షలతో భాగించి, ప్రతి మనిషి జవాబునీ దాంతో తూచమంటారు. వెయిట్లంటే అవే. చిన్న గుంపుల నుంచి కావాలని ఎక్కువమందిని తీసుకుంటారు కాబట్టి, తూచకపోతే రెండు వీధుల శిబిరమూ ఇరవై లక్షల నగరమూ త్రాసులో సమానమైపోతాయట. అయితే ఏం? సమానత్వం మంచిదే కదా. ఆ గడి తీసేయండి, ఫైలు తేలికవుతుంది.

3. పెన్ను తిప్పడం నేర్చుకోండి.

ఒకటో చిట్కా పారక శిబిరానికి వెళ్లక తప్పలేదనుకోండి, నిరాశపడొద్దు. 1970ల చివర్లో టీకాల లెక్క కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ముప్పై క్లస్టర్లు, క్లస్టరుకి ఏడుగురు పిల్లలు అనే పద్ధతి తెచ్చింది. ఊరి నడిమధ్యన నిలబడి పెన్ను గిరగిరా తిప్పాలి. అది చూపిన దిక్కున ఊరి చివరిదాకా నడవాలి. దారిలో ఇళ్లన్నీ లెక్కపెట్టి, చీటీ తీసి, ఆ ఇంటితో మొదలెట్టాలి. కష్టమంతా నడవడంలోనే ఉంది. పెన్ను తిప్పడంలో ఏమీ లేదు.

మీరు జీపు ఆగినచోట, టీ కొట్టు ముందు తిప్పండి. పెన్ను గుట్ట కిందికి చూపిస్తే గాలి తోసిందని మళ్లీ తిప్పండి. ఇటుకలు పరిచిన దారిని చూపించేదాకా తిప్పుతూనే ఉండండి. ఆ దారి పక్కనే చేతిపంపు ఉంటుంది, క్లినిక్ ఉంటుంది, రేషను ఇచ్చే చోటూ దగ్గరే. దారి పక్క పిల్లలు కాస్త ఒళ్లు చేసి ఉంటారు, ఫోటోకీ బాగుంటారు. గుట్ట అడుగున, బురదనీళ్లు చేరే వైపున ఉన్నవాళ్లు నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు. వాళ్లు అక్కడున్నారని పెన్నుకి తెలుసు, మీకు తెలియక్కర్లేదు.

ఇప్పుడు గుడిసెల జాబితాలూ శాటిలైటు పటాలూ వచ్చి ఈ పెన్ను కళని దెబ్బతీశాయి. కంప్యూటరే గుడిసెల నంబర్లు తీసిచ్చి ఫోనులో పంపుతుంది. ఫోనులో చార్జింగ్ అయిపోయిందనండి. పన్నెండేళ్ల పిల్లాడు కూడా ఒప్పుకునే సాకు ఇది.

బ్లాకుకొక మాఝీ ఉంటాడు, మన వైపు కులపెద్ద లాంటివాడు. మొదట ఆయనింటికే వెళ్లండి. టీ ఇస్తాడు, బిస్కెట్లు పెడతాడు, కుటుంబాల పేర్లు కూడా తనే చదివి పెడతాడు. ఆ పేర్లలో ఆయన మేనత్తా, బావమరిదీ, ఆయన మాట కాదననివాళ్లూ ఉంటారు. జవాబులన్నీ ఒకే రకంగా వస్తే 'సమాచారంలో మంచి పొందిక కనబడింది' అని రాసుకోండి.

4. తలుపు వేసుంటే దేవుడు మీ పక్షాన ఉన్నాడు.

ఎంపికైన గుడిసెలో ఎవరూ లేకపోతే సాయంత్రం మళ్లీ రావాలి, అప్పుడూ లేకపోతే మర్నాడు రావాలి, పక్కింటిని మాత్రం బదులు తీసుకోకూడదు. రూల్సు రాసేవాళ్లు సాయంత్రం జీపెక్కి వెళ్లిపోనక్కర్లేదు కాబట్టి ఎన్నయినా రాస్తారు. మీరు పక్కింటి తలుపు కొట్టండి.

అసలు ఆ ఇంట్లో ఎందుకెవరూ లేరో ఆలోచించొద్దు. ఆలోచిస్తే తెల్లారుతుంది. పిల్లకి తెల్లవారుజాము నుంచి విరేచనాలు. తల్లి చంకనేసుకుని క్లినిక్ దగ్గర వరసలో కూర్చుంది. తండ్రి నీళ్ల బిందెతో ఎక్కడో నిలబడ్డాడు. జబ్బు ఉన్న ఇల్లు తాళం వేసుంటుంది, జబ్బు లేని ఇల్లు తెరిచి ఉంటుంది. తెరిచి ఉన్న ఇళ్లే ఎంచుకుంటూ పోతే రిపోర్టు పూర్తయ్యేసరికి శిబిరంలో విరేచనాలే ఉండవు. మందూ మాకూ లేకుండా రోగాన్ని తగ్గించిన ఘనత మీది. పదేళ్లు చదివిన డాక్టరుకి కూడా ఇది చేతకాదు.

5. కొలతల్లో పెద్దమనసు చూపించండి.

ఇక్కడే కొత్తవాళ్లు తప్పులు చేస్తారు, అంటే సరిగ్గా చేస్తారు. అందుకని కాస్త వివరంగా.

ముందు వయసు. సర్వే ఆరు నెలల నుంచి యాభైతొమ్మిది నెలల పిల్లల మీద. పుట్టిన తేదీ కాగితాలు ఎవరి దగ్గరా ఉండవు. 'దివిసీమ ఉప్పెనకి ముందు పుట్టాడా, తరవాతా' అని కృష్ణా జిల్లాలో అడిగినట్టే, అక్కడ ఫలానా తుపానుకి ఎన్ని నెలలు, ఫలానా రంజానుకి నడిచాడా లేదా అని ఒక సంఘటనల క్యాలెండరు పట్టుకుని తల్లిని అడగాలి. పిల్లకి ఒక పావుగంట. మీరు అడగొద్దు. పిల్లాణ్ని పక్కన నిలబెట్టి ఎత్తు చూసి వయసు వేసేయండి. మూడేళ్ల పిల్లాడు రెండేళ్ల పిల్లాడంత ఉంటే రెండేళ్లని రాయండి. వయసుకి తగ్గ ఎత్తు దానంతటదే వచ్చేస్తుంది. తరతరాల పొట్టితనాన్ని ఒక్క పెన్సిలుతో దిద్దారు. ఇంతకన్నా చవకైన పోషకాహార పథకం నేనైతే వినలేదు.

తరవాత బరువు. బట్టలు విప్పి తూచమంటారు. చలికాలం పొద్దున పిల్లని ఏడిపించడం ఎందుకు? స్వెట్టరుతో, తాయెత్తులతో, చేతిలోని బిస్కెట్ ప్యాకెట్‌తో సహా తూచండి. ఆకలి లేని చోట అర కిలో ఎవరికి లెక్క? ఆకలి ఉన్న చోట ఆ అర కిలోయే పిల్లని ఒక గడి నుంచి ఇంకో గడికి మారుస్తుంది. అందుకే అది ఉండాలి.

ఎత్తు. 87 సెంటీమీటర్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి, ఆపైన వాళ్లని నిలబెట్టి కొలవాలి. పలకని ఒకరు, మోకాళ్లని ఒకరు పట్టుకోవాలి. మీరు ఒక్కరే ఉన్నారు, పైగా కళ్లద్దాలు హోటల్లో మర్చిపోయారు. అంకెల చివర సున్నా లేదా అయిదు పెట్టుకుంటూ పోండి. ఎనభై, ఎనభై అయిదు, తొంభై. వినడానికి ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడండి.

చేతికి చుట్టే టేపు. ఎడమ చెయ్యి, భుజానికీ మోచేతికీ నడిమధ్యన. పదకొండున్నర సెంటీమీటర్ల లోపయితే ఎరుపు, పన్నెండున్నర దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. టేపుని కొంచెం వదులుగా పట్టుకోవడంలో పుణ్యం ఉంది. వేలు పట్టేంత సందు వదిలితే ఎర్రపిల్ల పసుపవుతుంది, పసుపుపిల్ల పచ్చనవుతుంది. వసంతమే వచ్చినట్టుంటుంది.

ఇక వాపు. రెండు పాదాల మీదా రెండు బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కిపట్టి, తీశాక గుంట పడిందేమో చూడాలి. పడితే ఆ పిల్ల ఎంత బరువున్నా అతితీవ్ర పోషకాహార లోపం కింద లెక్క, ఎందుకంటే ఆ బరువు కండది కాదు, నీళ్లది. మీరు నొక్కొద్దు. నొక్కని పాదానికి గుంట పడదు. బుగ్గలుబ్బి బొద్దుగా ఉన్న ఆ పిల్ల బరువు మీ సగటుని పైకి లాగుతుంది. 'అమ్మా, పాప బాగుంది' అని తల్లితో ఒక మంచిమాట కూడా అనండి.

ఇవన్నీ పాటించకపోతే ఏమవుతుందో 2017 అక్టోబరులో కనబడింది. కుతుపాలాంగ్ రిజిస్టర్డ్ శిబిరంలో కొందరు ఛాదస్తులు బట్టలు విప్పి తూచి, పాదాలు నొక్కి, వయసులు అడిగి మరీ లెక్కేశారు. పిల్లల్లో నూటికి 24 మంది తీవ్ర పోషకాహార లోపంలో ఉన్నారని తేలింది. 15 దాటితేనే అత్యవసర పరిస్థితి అంటారు. అది ఏళ్ల తరబడి రేషను అందుతున్న పాత శిబిరం! హాయిగా 'పాత శిబిరం, పర్వాలేదు' అని రాసుకోవాల్సిన చోట అందరి నిద్రా చెడింది. కొత్త వైద్య కేంద్రాలు, కొత్త ఆహారం, కొత్త మీటింగులు. ఒక్క టేపు బిగించి పట్టినందుకు ఇంత.

6. చావుల గురించి ఒక్కటే ప్రశ్న అడగండి.

పదివేలమందికి రోజుకి ఒక చావు దాటితే ప్రమాదఘంటిక, ఐదేళ్ల లోపు పిల్లల్లో రెండు. ఇది తేల్చాలంటే, మూడు నెలల కిందట, ఫలానా పండగ నాటికి ఇంట్లో ఎవరెవరున్నారో పేరుపేరునా రాసుకోవాలి. ఒక్కొక్కరూ ఇప్పుడెక్కడని అడగాలి. ఉన్నారా, వెళ్లారా, పోయారా? మధ్యలో తల్లి ఆగిపోతుంది. మీరు తల దించుకుని కూర్చోవాలి. జీపు హారను కొడుతూ ఉంటుంది.

దాని బదులు 'ఇంట్లో ఎంతమందమ్మా?' అని అడిగి అంకె రాసుకోండి. కార్డు మీద ఏడుగురున్నారు, ఎదురుగా ఆరుగురున్నారు. ఏడోవాడెక్కడ? అడగకుండా బీర్బల్‌ని తలుచుకోండి. చుట్టాలింటికి వెళ్లాడు.

తల్లి కూడా మీకు సాయం చేస్తుంది. 2023 మార్చి దాకా మనిషికి నెలకి 12 డాలర్ల రేషను ఉండేది. మార్చిలో 10 చేశారు, జూన్‌లో 8 చేశారు. అప్పుడది రోజుకి 27 సెంట్లు. చనిపోయిన పిల్లాడి పేరు కార్డులోంచి తీసేస్తే వాడి వాటా రేషను కూడా పోతుంది. అందుకని ఆమె ఏడుగురనే చెబుతుంది. మీరు ఏడనే రాస్తారు. ఆమెకి ఇంకొక నెల పిడికెడు బియ్యం, మీకు సున్నా మరణాల రేటు. ఇద్దరూ గెలిచిన ఒప్పందం ఇదొక్కటే నేను చూశాను.

ఇంకో సౌకర్యం ఉంది. ఇంట్లో అందరూ పోయిన కుటుంబం ఏ సర్వేకీ తలుపు తీయదు. అవి మీ లెక్కలోకి రమ్మన్నా రావు, శ్రమ లేదు. 1994 జూలైలో రువాండా నుంచి గోమాకి వచ్చినవాళ్లలో మొదటి నెలలోనే దాదాపు యాభైవేల మంది పోయారు, ఎక్కువగా కలరాతో. అగ్నిపర్వతపు రాతినేల, గొయ్యి తవ్వితే దిగదు. చాపల్లో చుట్టి రోడ్డు పక్కన పెట్టిన శవాలని లారీలు ఎత్తుకుపోయాయి. అప్పుడు లెక్క ఆ లారీల దగ్గర దొరికింది. గుడిసెల్లో పెన్ను తిప్పుకుంటూ పోయుంటే మనకి యాభైవేలు ఎప్పటికీ తేలేది కాదు. అందుకే చెబుతున్నాను, గుడిసెలని నమ్ముకోండి.

7. భాష దగ్గర పట్టింపు వద్దు.

సర్వే చేసేవాళ్ల చిట్టగాంగ్ మాటా శరణార్థుల రోహింగ్యా మాటా దగ్గర దగ్గరే. అంతమాత్రాన ఒకటే కాదని కొందరు గొణుగుతారు, పట్టించుకోకండి. మగ ఎన్యూమరేటర్ని పంపి కాన్పుల గురించి అడిగించండి. గుమ్మంలో మొగుడు నిలబడి ఆమె బదులు జవాబు చెబుతాడు, ఆయనకీ చెప్పే సరదా ఉంటుంది. మనసు బాధల ప్రశ్నావళి ఒకటుంది, 1990ల మొదట్లో హార్వర్డ్‌లో కంబోడియా, లావోస్, వియత్నాం శరణార్థుల కోసం తయారైంది. దాన్ని కొత్త భాషలోకి తెచ్చి, ఇంకొకరిచేత వెనక్కి ఇంగ్లిషులోకి చేయించి, రెండూ కలుస్తున్నాయా అని చూడాలట. చూడకండి. 'గుండె బరువుగా ఉంటుందా' అన్నది ఎక్కడో 'గుండెజబ్బు ఉందా' అయిపోయినా నష్టం లేదు, దానికీ వేరే గ్రాంటు వస్తుంది.

8. అంగీకారపత్రం. వేలిముద్రలు ముందు వేయించుకోండి, చదివి వినిపించడం తరవాత చూద్దాం.

9. ఏం తింటున్నారని అడగొద్దు.

రోజుకి మనిషికి 2,100 కేలరీలన్నారు, బియ్యం బస్తా మీద అంకె ఉంది, లెక్క సరిపోయింది. ఇంతటితో ఆగాలి. ఆగకపోతే మలావీ కథ అవుతుంది. 1990లో అక్కడున్న మొజాంబిక్ శరణార్థుల్లో పదిహేడు వేలమందికి పైగా పెల్లాగ్రా వచ్చింది. ఎండ తగిలినచోటల్లా చర్మం నల్లబడి పొరలు లేవడం, విరేచనాలు, మతి చెదరడం. కేలరీలు ఉన్నాయి, మొక్కజొన్న ఉంది. రేషన్లో వేరుశనగ రావడం ఆగిపోయింది, అంతే. గుప్పెడు పల్లీల్లో ఉండే నయాసిన్ పోయింది.

ఈ జబ్బు హైదరాబాదుకి కొత్తేం కాదు. జొన్న అన్నమే తినే దక్కన్ పేదల్లో ఇది ఎందుకొస్తుందని మన పోషకాహార పరిశోధనాలయంలో గోపాలన్‌గారు తలబాదుకుని, 1960లో జొన్నలోని ల్యూసిన్ మీద అనుమానం ప్రకటించారు. అంటే ఆయన రోగుల్ని 'మీరేం తింటున్నారు' అని అడిగారన్నమాట! చూశారా, ఒక చిన్న ప్రశ్న మనిషిని ఎంత దూరం లాక్కెళుతుందో. నేపాల్ శిబిరాల నుంచి అమెరికా వెళ్లిన భూటాన్ శరణార్థుల్లో కూడా ఇలాగే ఎవరో కుదురుగా ఉండక రక్తం తీసి చూస్తే విటమిన్ బి12 లోపం బయటపడింది. ఏళ్లకేళ్లు అన్నమూ పప్పే, గుడ్డు లేదు మాంసం లేదు. పప్పన్నం తిని పెరిగినవాళ్లం, మనకి ఇందులో తప్పేం కనబడదు. కనబడకుండానే ఉండనిద్దాం.

10. సాఫ్ట్‌వేర్‌తో జాగ్రత్త.

పోషకాహార సర్వేల సాఫ్ట్‌వేర్ ఒకటి మన వృత్తికి పట్టిన శని. మీరు వేసిన సున్నాలూ అయిదులూ ఎన్నో లెక్కపెట్టి చెబుతుంది. చిన్నపిల్లలూ పెద్దపిల్లలూ ఉండాల్సిన పాళ్లలో ఉన్నారో లేదో చెబుతుంది. అంకెల చెదురుబాటు 0.8కీ 1.2కీ మధ్య ఉండాలంటుంది. ఎక్కువయితే కొలత చేతకాలేదని, మరీ తక్కువయితే గదిలో కూర్చుని రాశారని అర్థమట. ఏ టీము ఏ రోజు ఎక్కడ తప్పు కొలిచిందో కూడా బయటపెడుతుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నారు గాని, ఇది పడుతుంది.

విరుగుడు సులభం. ఆ పరీక్ష పేజీని రిపోర్టులో పెట్టకండి. అడిగితే అనుబంధంలో ఉందనండి. అనుబంధం అడిగితే మెయిల్‌లో పంపాననండి.

11. రిపోర్టు రాసే విధం.

సగటు వేయండి. కొండ మీది శిబిరం, కింది శిబిరం, పాతవాళ్లు, కొత్తవాళ్లు, అందరినీ కలిపి ఒకే అంకె. సగటులో ఎవరూ చావరు. ఎవరితో పోల్చాలన్నది మీ చేతిలో పని. శిబిరం బాగుందని చెప్పాలంటే పక్క ఊరి పేదలతో పోల్చండి, బాగులేదని డబ్బు అడగాలంటే ఢాకాతో పోల్చండి. ఒకే అంకె రెండు రిపోర్టులకి వస్తుంది. టీకాల దగ్గర తల్లి 'వేశారు' అంటే వేసినట్టే, కార్డు చూపమని మొహమాటపెట్టకండి. 2017 నవంబరులో కాక్స్ బజార్ శిబిరాల్లో డిఫ్తీరియా పుట్టింది. గొంతులో పొర కట్టి పిల్లలు పోయారు. ఆ జబ్బుకి మీ టీకాల శాతం సంగతి తెలీదు, అందుకు మీరేం చేస్తారు?

చివర్లో 'పరిమితులు' అని ఒక చిన్న పేరా పెట్టండి. పైన చెప్పిన పాపాలన్నీ అందులో కడిగేసుకోవచ్చు. 'క్షేత్రస్థాయి సవాళ్ల దృష్ట్యా' అని మొదలుపెడితే చాలు. సిఫారసుల్లో మొదటిది ఎప్పుడూ 'మరింత లోతైన సర్వే అవసరం.' అది ఎవరికిస్తారో నేను చెప్పక్కర్లేదు.

రిపోర్టు సంగతి మరిచి 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శిబిరంలో దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు దారి తప్పాడు. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది వచ్చిపడ్డ ఏడాది అది. కలరా వార్డులో నేలంతా మనుషులే, సెలైన్ సీసాలు అయిపోయాయి. ఆయన ఉప్పు, తినేసోడా, గ్లూకోజు నీళ్లలో కలిపి డ్రముల్లో పోసి, తల్లుల చేత, అక్కల చేత తాగించాడు. నూటికి ముప్పైదాకా పోయే చోట చావులు నాలుగు లోపుకి దిగాయి. ఆ లెక్కలు పత్రికలో అచ్చయింది 1973లో. పద్మవిభూషణ్ 2023లో, ఆయన పోయాక వచ్చింది. అదే మొదట రిపోర్టు రాసుకుని ఉంటే బతికుండగానే రెండు ప్రమోషన్లు వచ్చేవి. నీళ్లు కలుపుతూ కూర్చున్నాడు.

12. చీటీలు.

ఆఖరిది, చిన్నది. ఎర్రటేపు పిల్ల కనబడితే, పాదంలో గుంట పడితే, అప్పటికప్పుడు చీటీ రాసి తల్లి చేతికిచ్చి వైద్యకేంద్రానికి పంపాలి. దీని కోసం ఒక చీటీల పుస్తకం ఇస్తారు, గట్టి అట్టతో, మందంగా ఉంటుంది. పారేయకండి. హోటలు గదిలో రిపోర్టు రాసుకునే బల్ల ఒక కాలు పొట్టి, రాస్తుంటే ఊగుతుంది. పుస్తకాన్ని ఆ కాలి కింద పెట్టండి. నేను పెట్టి చూశాను, సరిగ్గా సరిపోయింది. బల్ల ఇప్పుడు కదలడం లేదు.